ఇల్లు లేని పెద్దలు

హైదరాబాదులో ఇల్లు లేని పేదలెవరో తేల్చడానికి ప్రభుత్వాలు సర్వేలు చేయించాలి. ఇల్లు లేని పెద్దలు అంత శ్రమ పెట్టరు. వాళ్లే సొసైటీ రిజిస్టరు చేయించుకుని దరఖాస్తుతో సెక్రటేరియట్‌కు వస్తారు. కొందరికి అది సొంత ఆఫీసే కనుక ఆటో ఖర్చూ ఉండదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి వీళ్ల దైన్యం చూసి గుండె కరిగింది. అఖిల భారత సర్వీసు అధికారులు, జడ్జీలు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, జర్నలిస్టుల సొసైటీలకు నగరంలో స్థలాలిచ్చేందుకు 2005లో, 2008లో జీవోలు తెచ్చింది. ధర బేసిక్ వాల్యూ. అంటే రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో తప్ప బజారులో కనిపించని ధర.

ప్రభుత్వ భూమి ఫైలుకు మామూలుగా ఒక నడక ఉంటుంది. కింది రెవెన్యూ ఆఫీసు సర్వే నంబరు, ఆక్రమణలు, కోర్టు కేసులు చూసి స్కెచ్ జతచేస్తుంది. కలెక్టరు ధర ప్రతిపాదిస్తారు. పైన పరిశీలించాక జీవో. సామాన్యుడి ఫైలైతే ఒక్కో మెట్టు దగ్గర 'రిమార్కుల నిమిత్తం' అని వెనక్కి దొర్లుతుంది. రిమార్కు రాసే చెయ్యీ ప్లాటు అందుకునే చెయ్యీ ఒకే క్యాంటీన్‌లో టీ తాగేవైతే ఆ జబ్బు సోకదు.

ఇలాంటి దరఖాస్తులకు అఫిడవిట్ ఒకటుంటుంది: నాకు, నా భార్యకు, మైనరు పిల్లలకు ఇల్లు లేదు అని. మేజరైన కొడుకు గురించీ అత్తగారి గురించీ ఫారం అడగదు. అడగనిదానికి జవాబివ్వడం కాండక్ట్ రూల్సుకు విరుద్ధం కాదుగానీ, సర్వీసు అలవాటుకు విరుద్ధం.

ఇంత పకడ్బందీ వ్యవహారాన్ని రిట్ పిటిషన్లు చెడగొట్టాయి. 2010 జనవరిలో హైకోర్టు జీవోలను కొట్టేసింది. అప్పీళ్లు సుప్రీంకోర్టులో ముదిరి, 2024 నవంబరు 25న తీర్పొచ్చింది: పెద్దలను ప్రత్యేక వర్గం చేసి చవకగా భూమి ఇవ్వడం చట్టం ముందు అందరూ సమానమనే రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధం. సాటి జడ్జీల ప్లాట్లని కూడా చూడలేదు. ప్లాటు లేనివాళ్ల వెనుకబాటుతనాన్ని ఒక కమిషనైనా వేసి అధ్యయనం చేయించాల్సింది.

కట్టిన సొమ్మును స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజులతో సహా వడ్డీతో తిరిగివ్వమన్నారు. ఇక వాపసుకు అర్జీ పెట్టాలి. అసలు చలానా లేనిదే అర్జీ తీసుకోం అని ఎవరైనా గుమాస్తా అంటే, జిరాక్సు చాలదా అని అడిగే వంతు ఈసారి అయ్యవార్లది.