ఇథనాల్ ఫ్యాక్టరీ వస్తే దళారీ పోతాడా?

"ఇథనాల్ ఫ్యాక్టరీ వస్తే మొక్కజొన్న రైతు నేరుగా అమ్ముకుంటాడు, దళారీ ఉండడు, ఎలాంటి గింజైనా చెల్లుతుంది, ధరకు ఢోకా లేదు, పైగా అది కాలుష్యం లేని ఇంధనం" అనే సందేశం గుంటూరు జిల్లా వాట్సాప్ గ్రూపుల్లో విరివిగా తిరుగుతోంది.

నేరుగా అమ్మడం సంగతి ముందు చూద్దాం. టన్ను మొక్కజొన్న నుంచి పెట్రోలులో కలిపే ఇథనాల్ సుమారు 380 లీటర్లు వస్తుంది కనుక, రోజుకు లక్ష లీటర్లు తీసే ఫ్యాక్టరీకి రోజూ 260 టన్నులకు పైగా గింజ కావాలి. ఎకరాకు 35 క్వింటాళ్లు పండిందనుకున్నా అది 75 ఎకరాల పంట. తెనాలి, దుగ్గిరాల వైపు వరి కోసిన మాగాణుల్లో దున్నకుండా వేసే మొక్కజొన్న వేసవిలో ఒక్కసారిగా చేతికొస్తుంది, ఫ్యాక్టరీ మాత్రం ఏడాది పొడవునా నడవాలి. ఎకరం, ఎకరన్నర వాళ్ల గింజను పోగుచేసి, ఆరబెట్టి, గోదాములో ఉంచి నెలనెలా పంపేవారు ఉండి తీరాలి. ఆ పని సహకార సంఘమో రైతు ఉత్పత్తిదారుల సంస్థో చేయకపోతే ఇప్పుడున్న వ్యాపారే చేస్తాడు.

అసలు కీలకం తేమలో ఉంది. ఒలిచిన గింజలో తేమ 22 శాతం ఉంటే, 14 శాతానికి ఆరేసరికి క్వింటా 91 కిలోలకు దిగుతుంది. ఇది న్యాయమైన తరుగే. కానీ తేమ కొలిచే మీటరు కొనేవాడి చేతిలోనే ఉన్నప్పుడు, కల్లం లేక రోడ్డు పక్కన పట్టాల మీద పోసి మబ్బు వంక చూస్తున్న రైతు అతడు చెప్పిన అంకెకే తల ఊపుతాడు. తడిసి బూజు పట్టిన గింజలోని అఫ్లటాక్సిన్ అనే విషం ఇథనాల్ తీసినా పోదు, పశువుల దాణాకు వెళ్లే పిప్పిలో దాదాపు మూడింతలు చిక్కబడుతుంది. ఎలాంటి గింజైనా చెల్లుతుందన్నది అందుకే తప్పు.

ధర విషయానికొస్తే, 2023-24లో మొక్కజొన్న ఇథనాల్‌కు చమురు సంస్థలు చెల్లించిన లీటరుకు రూ.71.86 ఫ్యాక్టరీకి అందే ధర. అదే ఏడాది రైతుకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు రూ.2,090. ప్రైవేటు కొనుగోలుదారు ఆ ధర ఇచ్చి తీరాలనే చట్టం లేదు.

కాలుష్యం మాట కూడా షరతులతో కూడినదే. దుక్కి లేకపోవడంతో డీజిల్ మిగిలినా, యూరియా ఎడాపెడా చల్లి, చొప్పను తగలబెట్టి, బాయిలరును బొగ్గుతో నడిపితే ఆ లాభంలో చాలా భాగం హరించుకుపోతుంది.

సందేశం అసలు ప్రస్తావించనిది కౌలు రైతును. రాష్ట్ర పంట సాగుదారుల హక్కుల చట్టం (2019) కింద కౌలు రైతుకు సాగుదారు హక్కు పత్రం రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి, అది చాలామంది పెట్టరు. ఫ్యాక్టరీ ఒప్పందం భూమి పత్రాల మీద కుదిరితే, పండించినవాడు మళ్లీ పెట్టుబడి అప్పిచ్చిన వ్యాపారి కాటాకే గింజ తోలాలి.