రిపోర్టు ఎవరి చేతికి పోతుంది?

ప్రభుత్వ ఉద్యోగులకు ఒంటి మీద శ్రద్ధ లేదని, ఉచితంగా హెల్త్ క్యాంపు పెట్టినా రారని పై అధికారులు విసుక్కోవడం మామూలే. ఆ మాటతో నాకు పేచీ ఉంది. కాజీపేట నుంచి గోదావరిఖని దాకా ఒకే రక్తపరీక్షను ఒక్కో సంస్థ ఉద్యోగి ఒక్కో కంటితో చూస్తాడు. ఆ రిపోర్టు తన నౌకరీని ఏం చేస్తుందన్నదే అతని మొదటి లెక్క.

ఆర్టీసీ డ్రైవర్ సంగతి చూడండి. 2022లో సంస్థ ‘గ్రాండ్ హెల్త్ ఛాలెంజ్’ పేరుతో ఉద్యోగులకు పరీక్షలు చేయించింది. గుండె జబ్బును ముందే పసిగట్టే వీలు కల్పించిన మంచి పని అది. అయినా స్టీరింగ్ పట్టే మనిషికి చూపులోనో షుగర్‌లోనో తేడా తేలితే డ్యూటీ పోతుందేమోనన్న గుబులు తప్పదు. ఆ గుబులు ఊరికే పుట్టలేదు. వర్ణాంధత్వం ఉందని తప్పించిన ఒక డ్రైవర్‌కు వేరే ఉద్యోగం చూపాలని ఇదే ఆర్టీసీకి 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఒక పరీక్ష తర్వాత పొట్టకూటి కోసం ఢిల్లీ దాకా పోవాల్సి వస్తుందంటే, బీపీ మాత్రను ఆర్‌ఎంపీ దగ్గర గుట్టుగా తెచ్చుకునేవాణ్ణి తప్పుపట్టలేం.

సింగరేణిలో ఈ లెక్క తిరగబడుతుంది. గని కార్మికుడికి ఐదేళ్లకోసారి వైద్య పరీక్ష జరగాలని 1955 నాటి మైన్స్ రూల్స్ చెబుతాయి. కానీ భూపాలపల్లి, మందమర్రి కాలనీల్లో ఎక్కువగా నలిగే మాట ‘అన్‌ఫిట్’. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే కారుణ్య నియామకం కింద వారసుడికి ఉద్యోగం దక్కుతుంది. ఏళ్ల తరబడి బొగ్గుపొడి పీల్చిన తండ్రి ఫిట్ అనిపించుకుని బయటికొస్తే ఇంటిల్లిపాదికీ దిగులే. వేరే కొలువులు లేని చోట ఆ కుటుంబాన్ని దురాశపరులనడం నాకు చేతకాదు. బోర్డు చుట్టూ దళారులు చేరారన్న ఆరోపణలకూ మూలం ఇదే. అలాంటి చోట షుగర్ మీద అవగాహన సదస్సు పెడితే ఎవరి చెవికెక్కుతుంది?

కలెక్టరేట్లలో, తహసీల్ ఆఫీసుల్లో ఈ భయమూ లేదు, ఆ ఆశా లేదు. ఉన్నదల్లా విసుగు. ప్రజావాణి అర్జీల మధ్య కూర్చునే సీనియర్ అసిస్టెంటుకు జబ్బుందని తెలిస్తే ఆ తర్వాత ఏం చేయాలి? బకాయిలు రాలేదంటూ ప్రైవేటు ఆసుపత్రులు ఉద్యోగులకు నగదు లేకుండా వైద్యం అందాల్సిన హెల్త్ కార్డును పక్కనపెట్టిన వార్తలు పలుమార్లు చదివాం. అప్పు చేసి బిల్లు కట్టి, 1972 నాటి వైద్య నిబంధనల కింద ఆ చికిత్స అవసరమేనని డాక్టరు రాసిచ్చే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ జతచేసి రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకుంటే, ఆ ఫైలు ఏ టేబుల్ మీద ఆగిందో వెతుక్కోవడం మరో నౌకరీ. 2016లో ఖైరతాబాద్‌లో మొదలై వరంగల్ దాకా వచ్చిన, ఉద్యోగులను ఉచితంగా చూసే వెల్‌నెస్ సెంటర్లు ఉన్నాయి, నిజమే. పెద్ద జబ్బుకు అవి సరిపోవు. అలాగని వీళ్లు నిర్లక్ష్యపు మనుషులూ కారు. ఉద్యోగి మూలవేతనంలో 1 శాతం ఇస్తే ప్రభుత్వమూ అంతే వేసే ఆరోగ్య ట్రస్టుకు 2023లో ఉత్తర్వులొచ్చినప్పుడు సంఘాలు స్వాగతించాయి. సొంత జీతంలో కోతకు సిద్ధపడ్డవాళ్లకు శ్రద్ధ లేదనగలమా?

కుర్చీ దగ్గరే ఐదు నిమిషాలు యోగా చేయమంటూ కేంద్రం 2021లో ‘వై-బ్రేక్’ యాప్ కూడా తెచ్చింది. చేస్తే మంచిదే. అది ఈ చిక్కును తాకదు.

బస్సులో యాభై మంది ప్రాణాలుంటాయి కాబట్టి డ్రైవర్‌కు ఫిట్‌నెస్ పరీక్ష ఉండాల్సిందే. దాన్నీ హెల్త్ క్యాంపునూ కలిపేయడమే పొరపాటు. క్యాంపు రిపోర్టు డాక్టరుకూ ఉద్యోగికీ మధ్యే ఉండాలి. ఫిట్‌నెస్ పరీక్ష వేరుగా జరగాలి. అందులో తప్పినవాడికి జీతం తగ్గకుండా ఏ పని ఇస్తారో ముందే రాసివ్వాలి. సంఘాల డిమాండ్లలో డీఏ, పీఆర్‌సీ, క్యాష్‌లెస్ కార్డు ఎప్పుడూ ఉంటాయి. రిపోర్టు గోప్యత గురించిన వాక్యం మాత్రం నా కంటపడలేదు. దాన్ని చేర్చినందుకు ఖజానాకు రూపాయి ఖర్చు కూడా కాదు.