పొట్టి పలుపు

పలుపు ఎంత వదిలితే పశువు అంత మేరే మేస్తుంది. 1965లో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ భారత్‌కు గోధుమలు పంపే పద్ధతి మార్చినప్పుడు, దానికి వాషింగ్టన్‌లో స్థిరపడిన పేరుకు అర్థం సరిగ్గా ఇదే: పొట్టి పలుపు. నాలుగైదేళ్లకు సరిపడా ఒప్పందాలు పోయాయి. కొద్ది నెలలకు కొంత చొప్పున గింజ వదలడం మొదలైంది. ఎప్పుడు ఎంత కదలాలో అధ్యక్షుడే స్వయంగా చూసుకునేవారు. యాభై కోట్ల జనాభా దాటబోతున్న దేశం రేషను షాపు తెరవాలంటే ముందు అట్లాంటిక్ అవతల ఒక బల్ల మీద కాగితం కదలాలి.

ఆ గోధుమలు వచ్చిన పీఎల్-480 (పబ్లిక్ లా 480) అంటే ఇప్పటి పిల్లలకు బండి నంబరులా వినిపించవచ్చు. బడిలో గోధుమ రవ్వ ఉప్మా తిని, డబ్బా పాలపొడి కలిపిన పాలు తాగిన తరానికి అది వేరుగా చెప్పక్కర్లేదు. 1954 జులైలో ఐజెన్‌హోవర్ సంతకం చేసిన చట్టమది. అప్పట్లో అమెరికా రైతులు పండించింది అక్కడ ఖర్చు కాలేదు. ప్రభుత్వమే కొని గోదాములు నింపుకుంది. నిల్వ ఖర్చే తడిసి మోపెడైంది. ఇటు గింజ కావాల్సిన దేశాల దగ్గర డాలర్లు లేవు. మీ రూపాయల్లోనే కట్టండి, ఆ రూపాయలు మీ దేశంలోనే మా ఖాతాలో ఉంటాయి అన్నారు. మనతో మొదటి ఒప్పందం 1956లో కుదిరింది. 1960లో నాలుగేళ్లకు కలిపి కోటీ అరవై లక్షల టన్నుల గోధుమలు, పది లక్షల టన్నుల బియ్యం ఇచ్చే ఒప్పందమైంది. కెనెడీ వచ్చాక దీనికి 'శాంతి కోసం ఆహారం' అని పేరు పెట్టారు. పేరు బాగుంది. ఢిల్లీకి ఈ సౌకర్యం ఇంకా బాగుంది. చవగ్గా గింజ వస్తుంటే సాగు మీద పెట్టాల్సిన డబ్బూ శ్రద్ధా పక్కకు జరిగాయి. ఆ పలుపుకు మెడ ఇచ్చింది మన పాలకులే అన్న సంగతి దాచి లాభం లేదు.

1965లో వానలు మొహం చాటేశాయి. అదే ఏడాది పాకిస్తాన్‌తో యుద్ధం. సోమవారం రాత్రి ఒక పూట భోజనం మానమని శాస్త్రి దేశాన్ని అడిగింది ఆ రోజుల్లోనే. నవంబరులో మన ఆహార మంత్రి సి. సుబ్రహ్మణ్యం, అమెరికా వ్యవసాయ మంత్రి ఆర్విల్ ఫ్రీమన్ రోమ్‌లో కలిసి ఒక అవగాహనకు వచ్చారు. సాగుకు నిధులు పెంచుతాం, ఎరువుల పరిశ్రమలోకి విదేశీ పెట్టుబడిని రానిస్తాం, కొత్త వంగడాలు తెస్తాం అని మన వైపు నుంచి మాట. వీటిలో చాలావరకు సుబ్రహ్మణ్యం తానుగా చేయాలనుకున్నవే. తన మంత్రివర్గంలోనే ఒప్పుకోని వాళ్లను ఒప్పించడానికి బయటి ఒత్తిడి ఆయనకు పనికొచ్చిందనీ అనవచ్చు. చరిత్రలో ఎవరు ఎవరిని వాడుకున్నారో తేల్చడం ఎప్పుడూ అంత తేలిక కాదు.

అయితే 1966లో జరిగింది వేరు. మార్చిలో ఇందిరా గాంధీ వాషింగ్టన్ వెళ్లారు. మర్యాదలు ఘనంగా జరిగాయి. భారత్‌కు మరో ముప్పై అయిదు లక్షల టన్నుల ఆహారం పంపుదామని జాన్సన్ తమ కాంగ్రెస్‌ను కోరారు. జూన్ 6న మనం రూపాయి విలువ తగ్గించాం. డాలరు 4.76 రూపాయల నుంచి ఒక్కసారి 7.50కి ఎక్కింది. దేశంలో గగ్గోలు లేచింది. జులైలో ఇందిర మాస్కో వెళ్లినప్పుడు వెలువడిన భారత్-సోవియట్ ఉమ్మడి ప్రకటన వియత్నాం మీద అమెరికా బాంబులు ఆపాలంది. జాన్సన్‌కు కోపం వచ్చింది. బిహార్ పొలాలు ఎండిపోతున్న నెలల్లో కొత్త కేటాయింపు కోసం మనం డిసెంబరు దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. పోప్, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి యూ థాంట్ అంటున్న మాటలకు మించి ఇందిర ఏమన్నారని ఢిల్లీలో అప్పటి అమెరికా రాయబారి చెస్టర్ బౌల్స్ అడిగితే, వాళ్లకు అమెరికా గోధుమల అవసరం లేదుగా అన్నది తనకు వచ్చిన జవాబని ఆయనే తర్వాత రాసుకున్నారు. ఆధునిక అమెరికా విదేశాంగ నీతి మీద ఎన్ని లావు పుస్తకాలు వచ్చినా, ఆ ఒక్క జవాబులో ఉన్నంత స్పష్టత వాటిలో దొరకదు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. 1966లో మనం దిగుమతి చేసుకున్న ధాన్యం కోటి టన్నులు దాటింది. అందులో అధిక భాగం అమెరికాది. అది రాకపోతే బిహార్‌లో ఎన్ని ప్రాణాలు పోయేవో. అవతల గట్టున పండించిన రైతుకు కృతజ్ఞత చెప్పడానికి మాకు అభ్యంతరం లేదు. మా అభ్యంతరం తాడు పట్టుకున్న చేయి మీద.

ఆ చేయి మనతో ఆగలేదు. చిలీలో వామపక్ష అధ్యక్షుడు అయెండే ప్రభుత్వం గోధుమలకు అప్పు అడిగితే ఇవ్వలేదు. 1973 సెప్టెంబరులో సైన్యం ఆయన్ని కూల్చిన కొద్ది వారాలకే కొత్త పాలకులకు రెండు కోట్ల నలభై లక్షల డాలర్ల గోధుమ అప్పు దొరికింది. బంగ్లాదేశ్ కథ ఇంకా చేదు. యుద్ధం నుంచి తేరుకోని ఆ కొత్త దేశం 1974లో క్యూబాకు గోనె సంచులు అమ్మింది. గోనె సంచులే, తుపాకులు కావు. జనపనార తప్ప అమ్ముకోవడానికి వాళ్ల దగ్గర పెద్దగా ఏముంది? క్యూబాతో వ్యాపారం చేసే దేశానికి ఈ చట్టం కింద గింజ ఇవ్వకూడదని అమెరికా నిబంధన చూపించింది. ఢాకా ఆ అమ్మకం ఆపుకుంది. ఈ తతంగం నడుస్తుండగానే బ్రహ్మపుత్ర పొంగింది, బియ్యం ధర ఆకాశానికి ఎక్కింది, పల్లెల జనం పట్నం రోడ్ల మీదికి వచ్చారు. ఓడలు వచ్చేసరికి కరవు తన పని తాను చేసేసుకుంది. అవే ఏళ్లలో దక్షిణ వియత్నాం, కంబోడియాలకు మాత్రం ఇదే చట్టం కింద ధాన్యం ధారాళంగా వెళ్లింది. అక్కడ దాన్ని అమ్మితే వచ్చిన సొమ్ము ఆ ప్రభుత్వాల యుద్ధ ఖర్చుకు ఊతమైంది.

మనం ఆ పలుపు తెంచుకున్నది ఉపన్యాసాలతో కాదు. 1966లో మెక్సికో నుంచి పద్దెనిమిది వేల టన్నుల గోధుమ విత్తనం వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో పుట్టిన ఐఆర్-8 వరిని 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు వంటి రైతులు వేసి చూపించారు. పొట్టి దుబ్బు, ఎరువు వేసినా పడిపోని కాడ, అంతకు ముందు ఊహించని దిగుబడి. ఎరువులు, బోర్లు, నీళ్లు తెచ్చిన తలనొప్పులు తర్వాత వచ్చాయి. వాటి సంగతి వేరే రోజు. 1971 చివరికి రాయితీ గోధుమలు ఇక వద్దని ఢిల్లీ చెప్పగలిగింది. ఆ డిసెంబరులోనే, బంగ్లాదేశ్ యుద్ధం నడుస్తుండగా, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకను బంగాళాఖాతం వైపు పంపారు. యుద్ధనౌకను పంపగలిగారు గానీ, గోధుమ ఓడను ఆపుతామని బెదిరించే వీలు అప్పటికే పోయింది.

అమెరికా ఖాతాలో పేరుకుపోయిన మన రూపాయల కథ కూడా చిత్రమైనదే. 1974 ఫిబ్రవరిలో అమెరికా రాయబారి మొయినిహన్ భారత ప్రభుత్వానికి 1,664 కోట్ల రూపాయల చెక్కు రాసిచ్చారు. అది గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. గోధుమలకు మనం కట్టిన డబ్బే మనకు తిరిగి రావడం అన్నమాట. ఇదే ఖాతాలోంచి 1962 నుంచి అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం మన భాషల పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. ఇక్కడ చెదలు తినేసిన పాత తెలుగు నవల ఒక్కోసారి అమెరికా గ్రంథాలయంలో నలగని అట్టతో దొరకడానికి కారణం ఆ గోధుమలే. పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామ కూడా ఆ గోధుమలతోనే వచ్చిందని మన రైతులు అంటారు. అది నిజమో కాదో గానీ, పీకినా పోదన్నది మాత్రం నిజం.

2025 ఆగస్టులో మన సరుకుల మీద ట్రంప్ ప్రభుత్వం ముందు 25 శాతం, రష్యా చమురు కొంటున్నామని మరో 25 శాతం సుంకం వేసింది. ఆరు దశాబ్దాల కిందట వియత్నాం, 2025లో రష్యా. అప్పుడు గింజ ఆపడం, ఈసారి అంగడి మూయడం. ఈసారి దెబ్బ మొదట తగిలిన చోట్లలో మన రొయ్యల చెరువులు ఒకటి. ఎందుకంటే రొయ్యల ఎగుమతిలో దేశానికి ఆంధ్రప్రదేశ్ ముందుంటే, ఆ రొయ్యలకు అతి పెద్ద కొనుగోలుదారు అమెరికా. భీమవరంలో కిలోకు ఎన్ని తూగుతాయన్న కౌంటును బట్టి ధర కట్టే రైతుకు, వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే ఆ ధర ఎలా కదులుతుందో ఎవరూ నేర్పక్కర్లేదు.

ఐఆర్-8తో ఒక పలుపు తెంచిన డెల్టాలోనే, వరి చేలు తవ్వి చేసిన చెరువులు మరో పలుపుకు చిక్కాయి. జాన్సన్‌నో, ట్రంప్‌నో తిట్టుకుంటూ కూర్చుంటే ఒక్క టన్ను కూడా అదనంగా అమ్ముడుపోదు. రొయ్య మన హైదరాబాద్, విజయవాడ వంటిళ్లకే సరిగా చేరడం లేదు. శీతల గిడ్డంగులు, రిఫ్రిజిరేటర్ లారీలు, ఐరోపా ప్రమాణాలకు సరిపోయే యాంటీబయాటిక్ పరీక్షలు, వీటికి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రెండూ ఎంత డబ్బు ఏ తేదీకి ఇస్తాయో వచ్చే పంట చెరువులో పడకముందే చెప్పాలి.