బరంపురం శివారు ఇచ్ఛాపురం దాకా ఉంది

శివారు కాలనీలు పెరగకముందే బస్సు రూట్లు ఖాయం చేయాలన్న మీ వ్యాసం బాగుంది. కానీ ఒడిశాలోని మా బరంపురానికి శివారంటే అంబపువా, లంజిపల్లి మాత్రమే కాదండీ. పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇచ్ఛాపురం ఆంధ్రలో ఉన్నా, పెద్ద జబ్బు చేస్తే అక్కడి జనం వచ్చేది ఇక్కడి మెడికల్ కాలేజీకే. మొన్న మా అత్తను చూపించి వెనక్కి తీసుకెళ్తుంటే షేర్ ఆటోలో ముప్పావు గంట కూర్చోబెట్టాడు. పదో మనిషి ఎక్కితే గానీ కదలడట. ఆ పదో ఆవిడ చేతిలో రెండు కోళ్లు! పక్కనే హౌరా-చెన్నై లైను, దాని మీద గొళంత్రా, సుర్లా రోడ్ స్టేషన్లు. ఆఫీసు వేళల్లో మెము (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు రైలు) నడిపి, స్టేషన్ బయటే సిటీ బస్సు ఆపితే సగం టెన్షన్ తీరుతుంది. ఇక కొత్త లేఔట్లంటారా, మా వీధి మలుపులో మినీ బస్సు కూడా తిరగదు.