మహారాజశ్రీ ఫ్యాన్ బెల్టు గారి దివ్యసముఖమునకు

అయ్యా,

లక్షా ఎనభై వేల కిలోమీటర్లు దాటిన ఓ డీజిల్ బండి యజమాని నమస్కరించి రాసుకునేది. నిన్న మిట్టమధ్యాహ్నం, విజయవాడ హైవే మీద, నకిరేకల్ దాటాక తమరు తెగిపోయి మోక్షం పొందారు. తమరి ఆత్మకు శాంతి. మాకు మాత్రం లేదు. డాష్‌బోర్డులో బ్యాటరీ లైటు వెలిగింది, స్టీరింగు బిగుసుకుపోయింది, టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. వెనక సీట్లో మా అత్తగారు "ఏసీ కాస్త పెంచు బాబూ" అన్నారు. కోదాడలో గృహప్రవేశం భోజనాలు మేం లేకుండానే అయిపోయాయి. పెరుగన్నం దాకా ఫొటోలన్నీ రోడ్డు పక్కన నిలబడి వాట్సాప్‌లో చూశాం.

బ్యాటరీకి ఛార్జి పెట్టే ఆల్టర్నేటరు, ఇంజిన్ని చల్లబరిచే వాటర్ పంపు, ఏసీ కంప్రెసరు, స్టీరింగు పంపు... నాలుగింటినీ తమరొక్కరే తిప్పుతున్నారని తెలుసు. ఆ గౌరవం ఎప్పుడూ ఉంది. తెగడం తప్పని కూడా అనను. రబ్బరన్నాక అరుగుతుంది, తెగుతుంది. నా బాధంతా తమరి అందం గురించే.

ప్రతి సర్వీసుకీ బానెట్ ఎత్తించి తమరి దర్శనం చేసుకున్నాను. మెకానిక్ టార్చి వేసి, వేలితో తిరగేసి చూసి, "ఒక్క పగులు లేదు సార్, మస్తుగుంది, ఇంకో ఇరవై వేలు నడుస్తది" అని సర్టిఫికెట్ ఇచ్చేవాడు. అతన్నని లాభం లేదు, అతను నేర్చుకున్నది మీ పెద్దల దగ్గర. నియోప్రీన్ అనే పాతరకం రబ్బరుతో చేసిన ఆ బెల్టులు మర్యాదస్తులు. వయసైపోతే అడ్డంగా పగుళ్లు చూపించేవి. మూడంగుళాల మేర ఒక్కో రిబ్బు (బెల్టు లోపలివైపు పొడవునా ఉండే గట్టు) మీద మూడు నాలుగు కనిపిస్తే తీసి అవతల పడేసేవాళ్లు. తమరేమో ఈపీడీఎం అనే కొత్తరకం రబ్బరు. వేడికి అంత తొందరగా పగలరు. లక్ష దాటినా జుట్టుకి రంగేసుకున్న పెళ్లికొడుకులా నిగనిగ. లోపల చూస్తే రిబ్బులు అరిగి, వాటి మధ్య సందులు వెడల్పయి, పుల్లీ గాడిలో కిందికి దిగిపోయి, పట్టు లేక జారుతుంటారు. ఇది కంటికి ఆనదు. సందులో పెట్టి చూసే చిన్న ప్లాస్టిక్ గేజి ఒకటుంటుంది, దాంతో కొలవాలి. మా షెడ్డులో అలాంటిదొకటి ఉంటుందని కూడా ఎవరూ వినలేదు.

సరే, జారారు. ఆ నిందైనా తమరు మోశారా? రాత్రి సిగ్నల్ దగ్గర హెడ్‌లైట్లు మసకబారితే బ్యాటరీ పోయిందన్నారు. కొత్తది వేయించాను. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఏసీ చల్లగా రాకపోతే గ్యాస్ తగ్గిందన్నారు. నింపించాను. స్టీరింగు మొత్తం తిప్పినప్పుడు మూలిగితే ఆయిల్ మార్చారు. అన్నిటికీ బిల్లులున్నాయి, ఒక్కదాంట్లోనూ తమరి పేరు లేదు. వెయ్యికో పదిహేను వందలకో వచ్చే బెల్టువి, నీ జారుడుకి పాపం ఆ బ్యాటరీ పాత సామాన్లవాడి బండెక్కింది! ఇంకో రెండేళ్లు బతికేది అది! పక్కనే తిరుగుతూ అంతా చూశావు కదా, ఒక్కసారి గట్టిగా కీచుమంటే నీ సొమ్మేం పోయింది? అన్నట్టు, అరిచావు కూడా. వానాకాలం పొద్దున్నే, వీధంతా లేచేలా. అప్పుడెవరో నీ మీద సబ్బు రుద్దారు, టక్కున నోరు మూసుకున్నావు. సబ్బు ముక్కకి అమ్ముడుపోయావు!

పోయాక కూడా సాధించావు. నీ సైజు సిక్స్ పీకే, అంటే ఆరు రిబ్బులు, దాని పక్క అంకె మిల్లీమీటర్లలో పొడవు. నీ వీపు మీద ఆ అంకె చెరిగిపోయింది. సూర్యాపేటలో షాపాయన నీ ముక్కని రెండు చేతులా సాగదీసి, ఓ ఫైవ్ పీకే తెచ్చి, "ఒక్క రిబ్బు తక్కువైతే ఏమైతదన్నా" అన్నాడు. ఆదివారం, మిగతా షాపులన్నీ మూత. సరైన సైజు దొరికేసరికి దీపాలు పెట్టారు.

మీ అన్నగారు, వాల్వుల్ని పిస్టన్లతో తాళం తప్పకుండా నడిపించే టైమింగ్ బెల్టు, కవరు లోపల భద్రంగా ఉన్నారు. వారు తెగితే వాల్వులు పోయి పిస్టన్లకి తగులుతాయి, ఇంజిన్ విప్పాల్సిందే. అందుకే వారిని కిలోమీటర్ల లెక్కన మార్చేస్తాం. ఎవరూ టార్చి వేసి అందం చూడరు. ఇకమీదట నీ వంశానికీ అదే రూలు. లక్ష కాగానే, మెరుస్తున్నా సరే, పీకి పారేయిస్తా. గేజి కూడా ఆర్డర్ పెట్టాను.

ఇట్లు,
రెండు బ్యాటరీల యజమాని

తా.క.: బెల్టుని బిగించి ఉంచే టెన్షనర్ గారూ, దాన్ని దారిలో పెట్టే ఐడ్లర్ పుల్లీ గారూ, ఇవాళ మిమ్మల్ని కూడా మార్పించినందుకు నొచ్చుకోకండి. "ఇవి మంచిగనే ఉన్నయి గద సార్" అన్నాడు మెకానిక్. ఆ మాట విన్నాకే మార్చమన్నాను.