పోపుల పెట్టెలో బ్లికావ్స్

మెల్‌బోర్న్ పడమటి అంచున, జిలాంగ్ రైలు ఆగే టార్నీట్‌లో, శనివారం సాయంత్రం, వంటగట్టు మీద కోలగా ఉన్న స్టీలు పళ్ళెమే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆటస్థలమయింది. వెనుక వరుసకు 6 మెంతిగింజలు, ముందు వరుసకు 6 పల్లీలు, నడుమ 5 మినపగుళ్ళు. పద్దెనిమిదోవాడు పొడవాటి ఎండుమిరపకాయ. అతడే జిలాంగ్ జట్టులోని 198 సెంటీమీటర్ల మార్క్ బ్లికావ్స్.

భర్త: జానకీ, ఇతణ్ణి నట్టనడుమ రక్‌గా నిలబెట్టాలి. అంపైరు బంతిని పైకి విసిరినప్పుడు, దానికోసం ఎగిరి మనవాళ్ళ వైపు తట్టడానికి ఇంతటి మనిషి ఉండగా, వెనుక కాపలా పెట్టడం తాటిచెట్టును పూలకుండీలో పెంచడమే.

భార్య: మీరు ఎత్తు చూసి పని అప్పగించే రకమండీ. మెల్‌బోర్న్ జట్టు మాక్స్ గాన్ ఇతనికంటె బెత్తెడు పొడుగు. అటువంటివాడితో భుజం కలపడం కంటె, వెనుక నిలబడి, ఎదుటివాడి చేతికి అందబోయే బంతిని పిడికిలితో గుద్ది అవతలికి నెట్టడమే ఇతనికి తగిన పని. 2018లో అక్కడ ఆడే కదా జట్టు ఉత్తమ ఆటగాడయ్యాడు!

భర్త: 2015లోనూ అయ్యాడు. అప్పుడు వెనుక లేడు.

భార్య: మీరు మాట్లాడుతూ ముందు వరుసను నమిలేస్తున్నారు. నాలుగు పల్లీలే మిగిలాయి. ఇక గోల్ ఎవరు కొడతారు?

భర్త: (చేయి వెనక్కి తీసుకుని) అసలు ఇతడు ఫుట్‌బాల్‌కు వచ్చిందే స్టీపుల్‌చేజ్ నుంచి. 3000 మీటర్ల పరుగులో 28 అడ్డుకొయ్యలు, 7 నీటిగుంటలు దాటిన కాళ్ళకు... ఆఁ, వింగ్! గీత వెంబడి ఆ కొసనుంచి ఈ కొసకు పరుగెత్తనిస్తే, వెంటపడినవాడు నాలుగో క్వార్టరుకు నోరు తెరుచుకుని నిలబడిపోతాడు.

భార్య: ఇప్పటిదాకా రక్ అన్నారు.

భర్త: ఇప్పటిదాకా నువ్వు కాదన్నావు.

భార్య: అన్నాను, అయినా మీరు ఒప్పుకోగానే నాకు అనుమానం పట్టుకుంది. 2022 ఫైనల్‌లో సిడ్నీని 81 పాయింట్ల తేడాతో ఓడించినప్పుడు, రీస్ స్టాన్లీతో రక్ భారం పంచుకున్నది ఇతడే. పైగా బంతి తట్టేశాక కూలబడకుండా మరో మినపగుండులాగా దాని వెంట పరుగెత్తుతాడు. రక్‌గానే ఉంచుదాం.

భర్త: అయితే నేను వెనుకే ఉంచుతాను!

భార్య: సిడ్నీ ఆడమ్ గూడ్స్‌ను చూడండి. 2003లో రక్‌గా ఆడి, లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్లో పతకం పంచుకున్నాడు, 2006లో మధ్య వరుసలో ఆడి మళ్ళీ గెలిచాడు. అతణ్ణి ఒకేచోట పాతిపెట్టి ఉంటే రెండో పతకం ఎక్కడిది?

భర్త: పొరుగింటి పుల్లకూర మనకెందుకు? మన బ్లికావ్స్‌ను ఎవడి కాలు బెణికితే వాడి చోటికి తోస్తారు. అన్నీ వచ్చినవాడికి తనదంటూ ఒక చోటు మిగలనివ్వరు. నాకు అదే బాధ.

భార్య: ఎదుటి జట్టు కోచ్ బాధ ఆలోచించారా? ఇతడు ఎక్కడ నిలబడతాడో తెలియక, తన పొడుగువాళ్ళను ఎటు పంపాలో ఆట మొదలయ్యేదాకా తేల్చుకోలేడు. ఆట మొదట్లో రక్, మనవాళ్ళు రెండు గోల్స్ కొట్టగానే వెనక్కి, అలిసినవాళ్ళు ఎక్కువైతే వింగ్. అంతే.

భర్త: ఒకటి చెప్పమంటే మూడు చెప్పావు.

పొయ్యి మీద చారుపోపు నూనె పొగలు కక్కింది. జానకి మెంతులను, మినపగుళ్ళను దోసిట్లోకి ఊడ్చి మూకుడులో వేసి, మిరపకాయను పుటుక్కున రెండుగా తుంచింది.

భర్త: అయ్యో, బ్లికావ్స్!

భార్య: సగం రక్, సగం వెనుక. దగ్గు వచ్చేలోపల ఆ కిటికీ తీయండి.