ఎస్‌ఎఫ్‌టీ రేటు మీద కుస్తీ ఆపి, కాగితం వెనక్కి తిప్పండి

విశాఖలో కొమ్మాది దగ్గర ఒక సైట్ ఆఫీసులో ముగ్గురం కూర్చున్నాం. నేను, మా ఆవిడ, స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరైన మా మావయ్య. ఏసీ గది, చేతిలో బాదంపాలు, గోడ మీద ఇంకా తవ్వని స్విమ్మింగ్ పూల్ బొమ్మ. ఎస్‌ఎఫ్‌టీ, అంటే చదరపు అడుగు, 5,500 అన్నారు. 5,000 చేస్తే ఇప్పుడే అడ్వాన్స్ అన్నారు మావయ్య. సేల్స్ కుర్రాడు నవ్వి లోపలికెళ్లి, పది నిమిషాలు ఎవరితోనో మాట్లాడినట్టు ఉండి వచ్చి, "మీకోసం 5,450 సార్, బయట చెప్పకండి" అన్నాడు. మేమేదో గెలిచేశామనుకున్నాం. 1,200 అడుగుల ఫ్లాట్ మీద ఆ గెలుపు 60 వేలు. వాళ్లిచ్చిన రేట్ల కాగితం వెనక కార్ పార్కింగ్ 3 లక్షలు, అమినిటీస్ (పూల్ లాంటి సౌకర్యాలు) రెండున్నర లక్షలు అని చిన్న అక్షరాల్లో ఉంటే ముగ్గురిలో ఒక్కరం కూడా నోరెత్తలేదు.

మొదటిసారి ఇల్లు కొనేవాళ్లందరూ దాదాపు ఇక్కడే బోల్తా పడతారు. ఎస్‌ఎఫ్‌టీ రేటు ఊరందరికీ తెలిసే అంకె. అది 300 తగ్గించాడని తెలిస్తే, నిన్న పూర్తి రేటుకి కొన్నవాళ్లు వచ్చి బిల్డర్ పీకల మీద కూర్చుంటారు, రేపు వచ్చేవాడు ఆ తగ్గించిన రేటు నుంచే బేరం మొదలుపెడతాడు. అందుకే అక్కడ ఆయన గట్టిగా నిలబడతాడు. వెనక పేజీ అంకెల్ని ఎవరూ ఎవరితోనూ పోల్చుకోరు కాబట్టి అక్కడ మెత్తగా ఉంటాడు.

మా కాగితమే చూడండి. 1,200 అడుగులు, 5,500 చొప్పున 66 లక్షలు. పై అంతస్తని ఫ్లోర్ రైజ్ అడుగుకి 100, అంటే 1.2 లక్షలు. పార్కింగ్, అమినిటీస్ కలిపితే 72.7 లక్షలు. కడుతున్న బిల్డింగ్ కాబట్టి 5 శాతం జీఎస్టీ, 3.6 లక్షలు. స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో ఏడున్నర శాతం, ఇంకో 5.4 లక్షలు. బిల్డింగ్ నిర్వహణకని ముందే తీసుకునే కార్పస్ ఫండ్ 60 వేలు. మొత్తం 82 లక్షల పైచిలుకు. నేనేమో 66లో 20 శాతం, అంటే 13 లక్షలు చేతిలో ఉంటే చాలు, మిగతాది బ్యాంకు చూసుకుంటుందని బయల్దేరాను. రిజిస్ట్రేషన్ ఖర్చుని బ్యాంకు ఇంటి విలువలో కలపదు, కాబట్టి 80 శాతం లోన్ వచ్చినా జేబులోంచి 20 లక్షలకు పైనే తీయాలి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అది వేరే కథ.

అందుకని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఫైనల్ రేటు ఎంత" కాదు, "తాళాలు నా చేతికొచ్చేసరికి మొత్తం ఎంత" అని. కాగితం మీద రాయించుకోండి. రెండోది, ఇళ్లు కొనేవాళ్ల కోసం వచ్చిన రెరా చట్టం లెక్కలో కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే చోటు, ఎంత? ఆ 1,200లో మెట్లు, లిఫ్ట్, కారిడార్ అన్నీ ఉన్నాయి. అవీ, బయటి గోడలు, బాల్కనీ తీసేస్తే మాకు మిగిలింది 850. అలా చూస్తే మేం కడుతున్నది అడుగుకి 5,500 కాదు, 7,700 పైమాట. పక్క వీధిలో 5,700 చెప్పిన బిల్డింగ్ ఈ లెక్కలో మాకు చవక తేలింది! మా ఆవిడ టేప్ తెచ్చి మోడల్ ఫ్లాట్‌లో బెడ్‌రూమ్ కొలిచింది, బ్రోషర్‌లో 11 అడుగులు, గోడకీ గోడకీ మధ్య పది అడుగుల ఐదంగుళాలు. "ప్లాస్టరింగ్ మందం మేడమ్" అన్నాడు కుర్రాడు. మంచం పక్కన బీరువా పెడితే తలుపు తెరుచుకోదని ఆవిడ అక్కడే తేల్చేసింది.

ఇక తొందరపెట్టడం ఉంటుంది. భోగాపురం ఎయిర్‌పోర్ట్, గూగుల్ డేటా సెంటర్, వచ్చే నెల రేటు పెరుగుతుంది సార్, ఈ రోజే టోకెన్ ఇచ్చేయండి. 2019 చివర్లో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడూ ఇదే పాట విన్నాం. విశాఖ పెరగదని నేననను, కానీ మీ బేరానికి పనికొచ్చేది ఊరి భవిష్యత్తు కాదు, ఆ బిల్డింగ్‌లో ఇంకా అమ్ముడుపోని ఫ్లాట్లు ఎన్ని అన్నది. రెరా చట్టం ప్రకారం ఎన్ని బుక్ అయ్యాయో ప్రతి మూడు నెలలకీ బిల్డర్ రెరా వెబ్‌సైట్‌లో పెట్టాలి. "రెండే మిగిలాయి" అంటే ముందు అది చూడండి, లేదా రాత్రి ఎనిమిదింటికి వెళ్లి, జనం దిగిన బ్లాక్‌లో లైట్లు ఎన్ని వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. ఆషాఢంలో వెళ్తే ఇంకా మంచిది. శ్రావణం వచ్చేదాకా అడ్వాన్స్ ఇచ్చేవాళ్లు తక్కువ, బాదంపాలతో పాటు బిస్కెట్లు కూడా వస్తాయి.

చాలామంది అడగని సంగతి ఇంకొకటుంది, ఓనర్ షేర్. సీతమ్మధారలోనో, ఎంవీపీలోనో పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చిన వాళ్లకి వాటా కింద కొన్ని ఫ్లాట్లు వస్తాయి. అదే బిల్డింగ్, అవే టైల్స్. వాళ్లకి ఆఫీసు ఖర్చు లేదు, వాటాకొచ్చిన నాలుగింట్లో ఒకటి అమ్మి అవసరం తీర్చుకోవాలని చూస్తుంటారు, అక్కడ బేరం బాగా సాగుతుంది. అయితే ఏ నంబర్ ఫ్లాట్ ఎవరిదో పంచుకున్న రిజిస్టర్డ్ ఒప్పందం చూడకుండా రూపాయి ఇవ్వొద్దు.

మరీ చవకగా చెప్తే సంబరపడకుండా ఈసీ (ఆస్తి మీద పాత రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) తీయించండి, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఉందేమో చూడండి. వేపగుంట, అడవివరం వైపు సింహాచలం దేవస్థానం భూముల గొడవ తెలిసిందే. కొంత క్యాష్ ఇస్తే తక్కువకి రిజిస్టర్ చేయిస్తామంటారు, అది చట్టవిరుద్ధం, పైగా కాగితం మీద విలువ తగ్గితే లోన్ కూడా తగ్గుతుంది. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదని రెరా చట్టంలోనే ఉంది, మొహమాటపడకండి.

మేం రెండు వారాలు ఊరుకున్నాం. మూడోసారి ఫోన్ వచ్చాక, లోన్ శాంక్షన్ లెటర్ పట్టుకుని వెళ్లి, "మీ 50 రూపాయలు మీరే ఉంచుకోండి, 5,500కే తీసుకుంటాం, పార్కింగ్, ఫ్లోర్ రైజ్ తీసేయండి, అమినిటీస్ సగం చేయండి, బాల్కనీ గ్రిల్స్ స్టెయిన్‌లెస్ స్టీల్ వేయండి" అన్నాం. ఇక్కడి ఉప్పుగాలికి మామూలు ఇనుము నాలుగేళ్లు కూడా ఆగదు. గ్రిల్స్ దగ్గర కాసేపు నసిగారు గానీ ఒప్పుకున్నారు. అన్నీ అగ్రిమెంట్‌లో రాయించాం. ఐదు లక్షల పైనే మిగిలింది.

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన తనకి 5,450కే వచ్చిందని పెట్టాడు. పార్కింగ్‌కి ఎంత కట్టారని నేను అడగలేదు. మావయ్య మాత్రం ఆ మెసేజ్ చూసి, "ఏటి బాబూ, మనకి 50 ఎక్కువ పడిందేటి?" అని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.